సున్నపు డబ్బీ మూతెడు మందు

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పెర్కిట్‌లో, మా పసుపు మిల్లు పరీక్ష గదిలో ఉన్నాను. నా పని చిన్నది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే బస్తాల్లోంచి పిడికెడు కొమ్ములు తీసి, దంచి, యంత్రంలో పెట్టి, తేమ ఎంతుందో చీటీ మీద రాసి ఇవ్వాలి. సీజన్‌లో రోజుకు అరవై డెబ్బై సార్లు ఆ పని చేస్తాను. ఫోన్ చేసిన కానిస్టేబుల్ మర్యాదస్తుడు. మా పెద్దబాపు పేరు చదివి, ఆయన నాకేమవుతాడని అడిగాడు. మా బాపుకు అన్న అని చెప్పాను. “గాయిన తుపాకి గీడనే ఉన్నది సార్. ఎలక్షన్లప్పుడు డిపాజిట్ జేసిండు, మల్ల తీస్కపోనే లేదు. ఆయిన కాలం జేసిండని మొన్ననే తెలిసింది. ఉంచుకుంటరో, సరెండర్ జేస్తరో ఇంట్లోల్లు ఎవలన్న వచ్చి రాసియ్యాలె” అన్నాడు. ఏమేం కాగితాలు తేవాలని అడిగాను. ఐదు చెప్పాడు. ఐదూ వరసగా రాసుకుని, ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టుకోవడానికి చిన్న గడి గీసుకున్నాను. ఫోన్ పెట్టేసి, ఆపిన పని మళ్లీ మొదలుపెట్టాను. తర్వాతి శాంపిల్ దొంకేశ్వర్ రైతుది. తేమ తొమ్మిదిన్నర. రాసి ఇచ్చాను.

ఆ సాయంత్రం ఇంట్లో రేకు పెట్టె తీసి కాగితాలు వెతుకుతుంటే, లైసెన్సు పుస్తకం కింద నా పాత నోటుబుక్కు కనిపించింది. రెండు వందల పేజీల పొడుగు పుస్తకం. అందులో రాసింది నలభై ఒక్క పేజీలు. ప్రతి పేజీలోనూ స్కేలుతో గీసిన తొమ్మిది గళ్లున్నాయి: వరస నంబరు, తేదీ, సమయం, మందు, పీచు, గుండు, గాలి, ఆకాశం, ఫలితం. దాన్ని మొదటిసారి చూసినప్పుడు పెద్దబాపు చాలాసేపు తిరగేసి, “పెండ్లి జాతకాలకు గూడ గిన్ని గళ్లుండయి గదరా. పొంతన కుదురుతదా మరి?” అని అడిగాడు. కుదురుతుందని చెప్పాను. అప్పుడు నా వయసు ఇరవై ఐదు. మెకానికల్ డిప్లొమా చేసి ఉన్నాను. గళ్లు సరిగ్గా గీస్తే కుదరనిది ఉండదని గట్టిగా నమ్మేవాణ్ని.

ఆ తుపాకీ గురించి ఎక్కువగా ఊహించుకోవద్దు. మా తాత నాటిది, ముందు నుంచి మందు నింపేది, పంటను కాపాడుకోవడానికని లైసెన్సు ఇచ్చినది. ఎనిమిదో తరగతి దాకా అది నాకంటే పొడుగు. గొట్టంలో మందు పోయాలి, దాని మీద పీచు కూరాలి, గుండు వేయాలి, ఇనుప కడ్డీతో దట్టించాలి, వెనక నిప్పు రాజేసే చిన్న రాగి టోపీ పెట్టాలి, అప్పుడు గురి చూడాలి. అంటే ప్రతి దెబ్బా మొదటి నుంచి మొదలవుతుంది. ఫ్యాక్టరీలో చేసిన తూటా అయితే కొలతలన్నీ ఎవరో ముందే చూసి ఉంటారు, మంచైనా చెడైనా వాళ్లదే. ఇందులో అలా కాదు. ఎంత పోశావో, ఎంత గట్టిగా దట్టించావో, అదంతా నీదే. పెద్దబాపు కొలత ఆయన తమలపాకుల సంచిలో ఉండే ఇత్తడి సున్నపు డబ్బీ మూత. మూత నిండా మందు పోసి, బొటనవేలితో పైన చదును చేసి, గొట్టంలోకి వంచేవాడు. ముప్ఫై ఏళ్లుగా అదే కొలత. ఆ మూతను మందుకూ వాడేవాడు, సున్నానికీ మూసేవాడు. “నీ తుపాకి పేలుతలేదు, పాన్ ఏస్కుంటున్నది” అని మా పెద్దమ్మ అనేది.

ఆయన గురించి చెప్పాలంటే ముందు చెవుల గురించి చెప్పాలి. ఎండిన పసుపు కొమ్మును విరిచి, విరిగిన చప్పుడు విని తేమ చెప్పేవాడు. మిల్లులో చేరిన కొత్తలో ఇది నాకు నచ్చలేదు. ఒక ఆదివారం ఇరవై కొమ్ములు వరసగా పేర్చి, ఆయన చెప్పినవి ఒక వైపు, మా యంత్రం చెప్పినవి ఒక వైపు రాశాను. ఇరవైలో పదిహేడు ఒక్క శాతం తేడాలోపే ఉన్నాయి. మిగిలిన మూడింటి దగ్గర ఆయన యంత్రాన్ని కాసేపు జాలిగా చూసి, “దానికి గూడ వయసు మీద వడుతున్నది” అన్నాడు. తర్వాత సర్వీసింగుకు వచ్చిన మనిషి యంత్రం విప్పి చూసి, సెన్సర్ పాడైందని చెప్పాడు. ఆ సంగతి పెద్దబాపుకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. మా బాపు దుబాయిలో ఉన్న పద్నాలుగేళ్లూ నేను పెరిగింది ఈయన దగ్గరే కాబట్టి, నన్ను ఎప్పుడు ఏడిపించవచ్చో ఆయనకు బాగా తెలుసు. నాకు మాత్రం ఆయనను ఎప్పుడు గెలవనివ్వాలో తెలియలేదు.

మా దిక్కు పసుపు మడిలోనే మక్కజొన్న కూడా వేస్తారు. పసుపు తొమ్మిది నెలల పంట, మక్క నాలుగు నెలల్లో అయిపోతుంది. ఆ మక్క పాలు పోసుకునే వేళకు అడవిపందులు దిగుతాయి. అవి పసుపు తినవు. మక్క కోసం వచ్చి, బోదెలు బోదెలుగా పసుపును తిరగేసి పోతాయి. ఒకసారి తెల్లవారి వెళ్లి చూస్తే సగం మడి దున్నినట్టు ఉంది. పచ్చి దుంపలు మట్టిలో పసుపుపచ్చగా విరిగి పడి ఉన్నాయి. పెద్దబాపు ఒక దుంప ఎత్తి, మీద ఉన్న పంటిగాటు చూసి, “నోట్లె వెట్టుకోని ఊంచింది. తినన్న తింటే మనసు ఊకుంటుండె. చేదని ఊంచింది చూడు” అన్నాడు. ఆ దుంపను జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాతి ఎండాకాలంలో సర్పంచ్ ఊరి తరఫున పందులను కొట్టడానికి అనుమతి అడిగాడు. ఎవరు కొడతారో పేర్లు రాసి పంపాలి. ఊళ్లో తుపాకీ ఉన్నది పెద్దబాపుకే. జనం ఆయనను పేరుతో కూడా పిలిచేవాళ్లు కాదు, తుపాకాయన అనేవాళ్లు. అయినా సర్పంచ్ ఒక షరతు పెట్టాడు. మా మంచె నుంచి అవతలి గట్టు దాకా నూట ముప్ఫై సాళ్లు. ఆ గట్టు వెనక నుంచి కూలీలు నడిచే బాట ఉంది. కాబట్టి మిరుగు కార్తె వానలు రాకముందే అందరి ముందు మంచె పక్కన నిలబడి, అవతలి గట్టుకు కట్టిన గోనెబస్తా మీద మూడు దెబ్బలు వేయాలి. మూడింట్లో రెండు గుండ్రటి గీత లోపల పడితే పేరు రాస్తాడు. లేదంటే బయటి మనిషిని పిలుస్తాడు. “నీ మీద అనుమానం గాదు కాకా. రేపు ఎవలికన్న తాకితే నేను జవాబు జెప్పాలె గద” అన్నాడు. పెద్దబాపు తల ఊపాడు. ఇంటికి వచ్చాక నన్ను పిలిచి, “నూటముప్పై సాళ్లంటే జర దూరమేరా. దగ్గరి దెబ్బకు మూతెడు మందు సరిపోయేది. గంత దూరానికి ఎంత పోయాల్నో నీ చదువుల ఉంటదా?” అని అడిగాడు.

ఉంటుందని చెప్పాను.

రోజూ సాయంత్రం ఐదున్నరకు మిల్లు నుంచి నేరుగా చేనుకు వెళ్లేవాణ్ని. అప్పటికి పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం అన్నీ అయిపోయి మడి ఖాళీగా ఉండేది. వెలుగు తగ్గేలోపు ఐదో ఆరో దెబ్బలు. బస్తా మీద గీత గీసేది పెద్దమ్మ. పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపుతో, గడపకు రాసినంత శ్రద్ధగా, గుండ్రంగా గీసేది. నా పద్ధతి ఇది: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి. ముందు మందు మార్చాను. సున్నపు మూత పక్కన పెట్టి, మిల్లు నుంచి చిన్న త్రాసు తెచ్చి, తూచి పొట్లాలు కట్టాను. కొంచెం తక్కువ, కొంచెం ఎక్కువ, మధ్యలో నాలుగు మెట్లు. గుండ్లు పడే తీరు ఏ మెట్టు దగ్గరా మారలేదు. తర్వాత పీచు మార్చాను. కొబ్బరి పీచు, జనుము, పాత ధోవతి గుడ్డ. ఆ తర్వాత గుండ్లన్నీ ఒక్కొక్కటిగా తూచి, సమానంగా ఉన్నవి మాత్రమే వేరు చేశాను. ఫలితం గడిలో నేను రాసుకున్నవి ఇప్పుడు చదువుతుంటే, చేతిరాత చాలా బాగుందని మాత్రం అనిపిస్తుంది. ఎడమ పైన. కుడి కింద. బస్తా బయట. ఎడమ. కనపడలేదు.

ఆ రోజుల్లో జరిగిన ఇంకొన్ని సంగతులు కూడా అందులో ఉన్నాయి. ఏదీ వదలకుండా రాసే అలవాటు నాది. నాలుగో రోజు, గీత దళసరిగా గీయమని పెద్దబాపు అన్నాడు. రాశాను. తొమ్మిదో రోజు, గీత పళ్లెమంత పెద్దగా కావాలన్నాడు. వ్యాసం కొలిచి అదీ రాశాను. పెద్దమ్మ గీస్తూనే, “ఇయ్యాల పళ్లెమంత, రేపు చాటంత, ఎల్లుండి నా అంత గియ్యుమంటడు. పందిని ఏడ నిలవెట్టాల్నో దానికి గూడ గీత గీసిద్దమా?” అంది. ఆయన నవ్వాడు. పదకొండో రోజు నుంచి రాగి టోపీ తాను పెట్టడం మానేసి, “నువ్వే వెట్టు బిడ్డా, చేతి ఏళ్లు మొద్దువారినయ్” అన్నాడు. ‘టోపీ పెట్టినది: నేను’ అని రాశాను. ఈ మూడు వాక్యాలూ అట్ట లోపలి వైపు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రాసింది నేనే. చదవలేదు.

పదిహేడో రోజు తుపాకీని మనిషి చేతిలోంచి తీసేద్దామని ఆలోచన వచ్చింది. పరీక్షల్లో అది మామూలు పద్ధతే. మంచె పక్కన రెండు ఇసుక బస్తాలు పెట్టి, వాటి మధ్య తుపాకీని కదలకుండా బిగించి, గొట్టాన్ని గీత మధ్యకు చూపించాను. ట్రిగ్గరుకు దారం కట్టాను. పోలిక కోసం మందు మాత్రం పాత పద్ధతిలోనే, సున్నపు మూతతో కొలిచాను. పెద్దబాపు వెనక నేల మీద కూర్చుని, నవ్వుతూ దారం లాగాడు. “తెనుగోళ్ల బాయి మోటరు లెక్కున్నది గదరా, తాడు గుంజితెనే నడుస్తది” అన్నాడు. ఐదు దెబ్బలు వేశాం. నేను నూట ముప్ఫై సాళ్లు నడిచి బస్తా దగ్గరకు వెళ్లాను. ఐదు చిల్లులూ ఒకచోటే ఉన్నాయి. వాటి మీద నా అరచెయ్యి పెట్టాను. ఐదూ దాని కిందకు వచ్చాయి.

తిరిగి వచ్చేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నాడు. “ఎట్లున్నయ్?” అన్నాడు.

“ఒక్కతాన్నే ఉన్నయ్.”

“మూతతోని కొల్సిందేనా?”

“ఆ.”

ఆయన తుపాకీ గొట్టం మీద ఉన్న ఇసుకను తువ్వాలతో తుడిచాడు. “తుపాకి మంచిదే అయితే” అన్నాడు.

“మంచిదే పెద్దబాపు.”

అప్పుడు నాకు తెలిసింది. తుపాకీలో లోపం లేదు, మందులో లేదు, పీచులో లేదు, గుండులో లేదు. పదిహేడు రోజులుగా నేను గడి గీయనిది ఒక్కటే మిగిలింది. ఆ రాత్రి నోటుబుక్కులో ఫలితం రాసి, పదో గడి గీయాలనుకున్నాను. పేజీలో చోటు లేదనుకుని మానేశాను. మొన్న చూశాను. కుడివైపు అంగుళం పైగా ఖాళీ ఉంది.

పరీక్షకు ఇంకా ఎనిమిది రోజులు ఉంది. ఆ ఎనిమిది రోజుల్లో చెప్పడానికి చాలా సందర్భాలు వచ్చాయి. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, పాన్ మడిచేటప్పుడు, బస్తా విప్పి ఇంటికి తెస్తున్నప్పుడు. ఒక రోజు మాట నోటి దాకా వచ్చింది. అంతలో ఆయన, “గాలి ఎక్కువున్నట్టుంది ఇయ్యాల?” అన్నాడు. ఆ సాయంత్రం ఆకు కదలలేదు. అయినా గాలి గడిలో ‘ఎక్కువ’ అని రాశాను. మర్నాడు కూడా రాశాను. ఇంకో రోజు కూడా. నలభై ఒక్క పేజీల్లో నేను రాసిన అబద్ధాలు ఆ మూడే.

పరీక్ష రోజు తెల్లవారుజామున నాలుగు చినుకులు పడ్డాయి. మిరుగు ముందు మా దగ్గర ఎప్పుడూ అలాగే పడతాయి. పొద్దున ఆరు గంటలకు నేను మందు డబ్బా మూత తీసి చూశాను. గడ్డ కట్టలేదు, వేళ్ల సందుల్లోంచి ఇసుకలా జారింది. మూత బిగించి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, సంచిని నా బనీను లోపల పెట్టుకుని చేనుకు తీసుకుపోయాను. ఏడున్నరకు అందరూ వచ్చారు. సర్పంచ్, ఫారెస్టు బీటు ఆఫీసరు, ఊళ్లో ఒక పాతిక మంది. ఎవరో ఫ్లాస్కులో చాయ్ తెచ్చారు. ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని, బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని, చూస్తూనే ఆకు చుడుతున్నారు. పెద్దబాపు తెల్ల అంగీ వేసుకున్నాడు. అది ఇస్త్రీ చేసిన అంగీ. ఆ సంగతి నేను ఆలస్యంగా గమనించాను.

మూతతో కొలిచి, ఆయనే నింపాడు. టోపీ నేను పెట్టాను. మొదటి దెబ్బ బస్తా మూలకు తగిలింది. “తాకింది, తాకింది” అని ఇద్దరు ముగ్గురు అన్నారు. రెండో దెబ్బకు గట్టు మీద ఎడమవైపు దుమ్ము లేచింది. మూడోది ఎక్కడ పడిందో ఎవరికీ కనిపించలేదు. కాసేపు అందరూ చుట్టూ చూశారు. “పంది ఇంటికి వోయి చాయ్ తాగుతుండొచ్చు” అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. తుపాకాయనను చూసి ఎప్పుడూ నవ్వే నవ్వే.

సర్పంచ్ నవ్వలేదు. దగ్గరకు వచ్చి మెల్లగా, “ఏమైంది కాకా? పొద్దుగాల చినుకులు వడ్డయి. మందు గిట్ల తడిసిందా? తడిస్తే జెప్పు, వచ్చే వారం మల్ల పెట్టుకుందం” అన్నాడు. పెద్దబాపు తుపాకీ దించాడు. గొట్టాన్ని తువ్వాలతో తుడిచాడు. తర్వాత సర్పంచ్ వైపు కాదు, నా వైపు తిరిగాడు. అందరూ నా వైపే చూశారు. నా ఉద్యోగం ఏమిటో వాళ్లందరికీ తెలుసు.

“మందుకు తేమ వట్టినట్టున్నది గద బిడ్డా?” అన్నాడు.

“లేదు పెద్దబాపు” అన్నాను. “తేమ లేదు. పొద్దుగాల నేనే జూసిన.”

రోజుకు అరవై డెబ్బై సార్లు చెప్పే మాట అది. ఏ గొంతుతో చెప్తానో అదే గొంతుతో చెప్పాను. ఆలోచించి చెప్పలేదు. తేమ ఉందా అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పడం ఒక్కటే నాకు తెలుసు. ఎవరు అడుగుతున్నారో, ఎందుకు అడుగుతున్నారో చూసే అలవాటు లేదు. “తేమ సంగతి గీ పిలగానికి తెల్వకుంటె ఇంకెవలికి తెలుస్తది” అని సర్పంచ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా ధర్పల్లి దిక్కు నుంచి ఒకాయన పేరు రాసి పంపారు. ఆయన దగ్గర మంచి రైఫిల్ ఉందట, గురి కూడా బాగుందట.

ఇంటికి నడుస్తున్నప్పుడు పెద్దబాపు ఒక్క మాట అడిగాడు. “టోపీల డబ్బా తెచ్చినవా, ఆడనే మర్సినవా?” తెచ్చానని చెప్పాను. మంచిదన్నాడు.

ఆ తర్వాత కోపం చేయలేదు. మాట మానలేదు. అంతకుముందు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. ఒకే తేడా, కొమ్ము విరవడం మానేశాడు. ఎవరైనా రైతు ఇంటికి వచ్చి కొమ్ము చేతికిస్తే తీసుకునేవాడు కాదు. “గా పిలగాన్ని అడుగుండ్రి. తేమ గురించి వానికే ఎరుక” అనేవాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని చాలాసార్లు విన్నాను. లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. మక్క మీదికి పందులు వచ్చే కాలంలో అవి బెదరాలని మంచె మీద కూర్చుని ఖాళీ నూనె డబ్బా మోగించేవాడు. ఆ మరుసటి ఏడాది ఎలక్షన్లు వచ్చాయి. లైసెన్సు తుపాకీలన్నీ స్టేషన్‌లో పెట్టాలని చాటింపు వేశారు. దుప్పట్లో చుట్టి, నా బండి మీద అడ్డంగా పట్టుకుని వచ్చి అప్పజెప్పాడు. ఓట్ల లెక్కింపు అయ్యాక వచ్చి తీసుకుపొమ్మని కబురు వస్తే, “రేపు పోదం” అన్నాడు. మొన్నటి చలికాలంలో పోయే దాకా ఆ రేపు రాలేదు.

దినవారాలు అయ్యాక పెద్దమ్మ ఒక రోజు పసుపు డబ్బాలోంచి మడత పెట్టిన చీటీ తీసి నా చేతిలో పెట్టింది. ఆర్మూర్‌లో కంటి డాక్టరు రాసింది. షుగర్ వల్ల కుడికంటి వెనక పొర దెబ్బతిందని, అద్దాలతో బాగుపడదని ఉంది. తేదీ చూశాను. నా నోటుబుక్కు మొదటి పేజీకి రెండు నెలల ముందుది.

“ఆయినకు ఎరుకేనా?” అని అడిగాను.

“ఎరుక గాక? నన్నే దాచుమన్నడు. నీకు జెప్తనంటే వద్దన్నడు. పిలగాడు పెద్ద చదువు చదివిండు, మందు అటో ఇటో జేసి, ఏదో ఒక లెక్కల నా కన్నును గూడ సరిజేస్తడు చూడు అన్నడు. రోజు గదే మాట. నువ్వు వచ్చే యాల్లకు అరుగు మీద కూసునేటోడు” అంది. తర్వాత డబ్బా మూత పెట్టి, పొయ్యి మీద చాయ్ పొంగుతుందని లోపలికి వెళ్లింది.

దీని గురించి నేను జాబితా రాయలేదని అనను. ఆ రోజు అవును, తేమ ఉందని చెప్పి ఉంటే ఏమయ్యేదో ఒక వైపు రాశాను. ఇంకో వారం దొరికేది. ఆ వారంలో ఆయనే వద్దని తప్పుకుని ఉండవచ్చు, పరువుతో. లేదా రెండోసారి రెండు దెబ్బలు ఎలాగో గీతలో పడి, పేరు ఎక్కి, మక్క కాలంలో ఆ కన్నుతో గట్టు వైపు పేల్చి ఉండవచ్చు. గట్టు వెనక బాట ఉంది. నేను చెప్పింది నిజం, మంచికే చెప్పావని సర్పంచ్ ఒకసారి నాతో అన్నాడు కూడా. అది రెండో వైపు రాశాను. రెండు వైపులా సమానంగానే వచ్చాయి. అయినా ఆయన ఆ రోజు సర్పంచ్ వైపు కాకుండా నా వైపు ఎందుకు తిరిగాడన్నది ఏ వైపు రాయాలో తెలియక అలాగే వదిలేశాను.

గురువారం స్టేషన్‌కు వెళ్లాను. ఐదు కాగితాలకూ టిక్కులు పెట్టి ఉన్నాయి. ఉంచుకోవాలా అని ముందు రోజు అడిగితే పెద్దమ్మ, “ఇంట్ల ఎందుకు బిడ్డా, ఎవలు కాలుస్తరు?” అంది. కానిస్టేబుల్ లోపలి నుంచి తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అదే దుప్పటి, మా ఇంటిదే. విప్పితే గొట్టం పైనంతా ఎర్రగా తుప్పు. కట్టె ఒకచోట ఉబ్బింది. “ఐదేండ్ల సంది మూలకే ఉన్నది సార్. మీ పెద్దబాపును రమ్మని మస్తు సార్లు ఫోన్ జేసినం” అన్నాడు. ఫారంలో ‘ఆయుధం స్థితి’ అని ఒక గడి ఉంది. కలం పట్టుకుని నన్ను చూశాడు. “తేమ వట్టి పనికొస్తలేదని రాయాల్నా?”

నేను గొట్టం ఎత్తి, మూతి దగ్గరున్న నూనెగుడ్డ బిరడా తీసి, కిటికీ వెలుగుకు పెట్టి లోపలికి చూశాను. ఇచ్చే ముందు ఆయన లోపలంతా చిక్కగా నూనె పట్టించి, మూతిలోనూ వెనక టోపీ పెట్టే చోటా గుడ్డ బిగించాడు. లోపల ఎక్కడా మచ్చ లేదు. వెలుగు పోయినంత లోతు దాకా మెరుస్తోంది. పైన తుప్పు గీకి తుడిస్తే ఇప్పుడు కూడా ఐదు దెబ్బలు అరచేతి కింద పడతాయి. తేమ లోపలికి పోలేదు.

“ఏం రాయాలె సార్?” అన్నాడు కానిస్టేబుల్ మళ్లీ.

గుడ్డ బిరడా తిరిగి పెట్టాను. “తేమే” అన్నాను. “తేమ వట్టింది. రాయుండ్రి.”

ఆయన రాశాడు. కింద నన్ను సంతకం పెట్టి, సమయం వేయమన్నాడు. గోడ గడియారం చూసి, పన్నెండు నలభై అని వేశాను. నోటుబుక్కులో ఆఖరి వరసలో, ఆ రోజు మూడో దెబ్బ పక్కన నేను వేసిన సమయం ఏడు యాభై ఐదు. ఈ రెండింటికీ మధ్య ఎంత కాలం పోయిందో తీసివేసి చూడటం నాకు రాని లెక్క కాదు. ఇంకా చేయలేదు.